పొరుగువాని ప్రాణము – మన నోటి మాట

(గృహ కూటములకు, స్త్రీల సమాజములకు, యౌవనస్థుల కూటములకు పాఠము)

పాఠ్య భాగము: 2 రాజులు 7:3–20
తోడుగా చదువవలసినవి: లేవీయకాండము 19:16, నెహెమ్యా 6:1–9, సామెతలు 18:13, 17, యిర్మీయా 29:7, అపొ. కార్యములు 23:12–22
పాఠము ఉద్దేశ్యము: వీధిలో వినబడు వార్తను ఎప్పుడు చెప్పవలెనో, ఎవరికి చెప్పవలెనో, ఎప్పుడు నోరు మూసికొనవలెనో నేర్చుకొనుట.



చెన్నై పట్టణములో మన తెలుగు కుటుంబములు నివసించు పేటలు ఏవైనను, పెరంబూరు కానిండి, వ్యాసర్పాడి కానిండి, సైదాపేట కానిండి, ఉదయమున మొదట చేతులు మారునది వార్తయే. ఆవిన్ పాల బూతు దగ్గర, నీళ్ళ లారీ దగ్గర, రేషను షాపు వరుసలో, టీ కొట్టు బల్లమీద, ఇప్పుడైతే చేతిలోని సెల్ ఫోనులో, ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పుచునే యుందురు. రాత్రి ఫలానా వీధిలో దొంగలు పడిరట. చెరువు గేట్లు తెరచిరట. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠా దిగినదట. ఈ మూడు మాటలలో ఒకటి మన ప్రాణమును కాపాడవచ్చును. ఒకటి ఏ పాపమెరుగని మరియొకని ప్రాణమును తీయవచ్చును. కనుక ఇది కేవలము లోకవ్యవహారము కాదు, విశ్వాసికి సంబంధించిన విషయము. అందుచేత ఈ నెల దీనిని పాఠముగా తీసికొనుచున్నాము.

షోమ్రోను ముట్టడిలో నలుగురు కుష్ఠరోగుల చరిత్ర మనకందరికిని తెలిసినదే. సాధారణముగా దీనిని సువార్త ప్రకటనకు మాదిరిగా బోధింతుము. అది సరియైనదే. అయితే ఈ అధ్యాయమును నెమ్మదిగా చదివినయెడల, ఒక పట్టణములో ఒక వార్త ఎట్లు పుట్టి, ఎవరి చేతులు మారి, ఎట్లు పరీక్షింపబడి, చివరకు ఏమి చేసెనో అంచెలంచెలుగా కనబడును. ఆ అంచెలనే మనము వరుసగా చూతము.

1. తెలిసినవాడు దాచకూడదు

కుష్ఠరోగులు సిరియనుల దండుపేటలో తిని త్రాగి, వెండి బంగారములను దాచుకొనిరి. ఒక గుడారమైన తరువాత మరియొక గుడారము. అప్పుడు వారికి తోచినది: మనము చేయుచున్నది మంచిది కాదు, తెల్లవారువరకు ఊరకుండినయెడల దోషులమగుదుము (వ. 9). పట్టణములో జనము ఆకలితో చచ్చుచుండగా మేలు వార్తను తమ యొద్దనే ఉంచుకొనుట పాపమని వారు గ్రహించిరి. పట్టణము వారిని వెలివేసియుండెను. అయినను వారు ఆ పట్టణమును మరువలేదు.

మన బాప్టిస్టు సంఘముల చరిత్రలో ఇట్టి వార్త ఒకటి కలదు. 1876–78 గొప్ప కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకపు పనిని కాంట్రాక్టుకు తీసికొనిరి. కూలి దొరకునను కబురు ఆకలితోనున్న పల్లెలకు చేరగా, జనము తట్టలు పట్టుకొని వచ్చి బ్రదికిరి. ఆ కబురును ఎవరైనను తమ ఇంటివారికి మాత్రమే చెప్పి ఊరకుండినయెడల ఎన్ని ప్రాణములు పోయియుండెడివో! సాయము కొరకు మతములో చేరుచున్నారను మాట రాకుండ, కరవు పని జరుగుచున్న కాలములో బాప్తిస్మములు ఇయ్యక ఆయన వేచియుండిరి. ఆ తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ బకింగ్‌హాం కాలువయే నేడు మన చెన్నై నడుమనుండి పోవుచున్నది.

2015 డిసెంబరు 1 రాత్రి అడయారు నది పొంగినప్పుడు ఈ సంగతి మనకు మరల బోధపడెను. చెంబరంబాక్కం చెరువునుండి ఆ సాయంకాలము సుమారు 29,000 క్యూసెక్కుల నీరు విడువబడినది. సైదాపేట, కొట్టూరుపురం, జాఫర్‌ఖాన్‌పేట వంటి చోట్ల ఇండ్లు మునిగినవి. కరెంటు పోయెను, ఫోనులు అనేక చోట్ల పనిచేయలేదు. ఆ రాత్రి పనికివచ్చినది తలుపు తట్టిన పొరుగువాడే. సముద్రతీరపు జాలరులు తమ పడవలను తెచ్చి, తమకు ఏ బంధుత్వము లేనివారిని మేడలమీదనుండి దింపిరి. దూరముననున్న సహోదరునికంటె దగ్గరనున్న పొరుగువాడు మేలని సొలొమోను చెప్పినది (సామెతలు 27:10) ఒంగోలులో అన్న, నెల్లూరులో అక్క, చెన్నైలో మనము అన్నట్టున్న వలస కుటుంబములకు మరి ఎక్కువగా వర్తించును.

2. చెప్పదగిన వానికి చెప్పవలెను

కుష్ఠరోగులు వీధివీధికి పోయి కేకలు వేయలేదు. గుమ్మము కాయు ద్వారపాలకుని పిలిచి చెప్పిరి. ద్వారపాలకులు రాజు ఇంటివారికి తెలిపిరి (వ. 10, 11). వార్తకు ఒక దారి యుండెను.

అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయములో ఇది ఇంకను స్పష్టము. పౌలును చంపువరకు అన్నపానములు ముట్టమని నలువదిమందికి పైగా ఒట్టు పెట్టుకొనిరి. పౌలు మేనల్లుడు ఆ సంగతి విని కోటలోనికి వెళ్ళి మామకు చెప్పెను. పౌలు అతనిని శతాధిపతి ద్వారా సహస్రాధిపతి యొద్దకు పంపెను. సహస్రాధిపతి ఆ పడుచువాని చెయ్యి పట్టుకొని ప్రక్కకు తీసికొనిపోయి విని, ఈ సంగతి నాకు తెలిపితివని ఎవరితోను చెప్పవద్దని ఆజ్ఞాపించెను. ఆ రాత్రియే 470 మంది సైనికుల కాపుదలలో పౌలు కైసరయకు బయలుదేరెను. ఆ పిల్లవాడు ఇదే మాట యెరూషలేము బజారులో చెప్పియున్నయెడల ఏమై యుండెను? మాట నిజమే, గాని చెప్పిన చోటు తప్పినయెడల మామ ప్రాణము పోయియుండెను.

మనకును నేడు అట్టి ద్వారములు కలవు. ఏ ఆపదకైనను 112. అగ్నిమాపక దళమునకు 101. అంబులెన్సుకు 108. స్త్రీలకు 181. పిల్లలకు 1098. ఫోను ద్వారా డబ్బు మోసపోయినవారికి 1930. వాననీరు నిలిచినను, కాలువ మూత తెరచియున్నను, కార్పొరేషను వారి 1913. కరెంటు తీగ తెగిపడినయెడల విద్యుత్ వారి మిన్నగం 94987 94987. ఈ అంకెలను ఒక అట్టమీద పెద్ద అక్షరములతో వ్రాసి, చదువురాని అమ్మమ్మకు కూడ కనబడునట్లు తలుపు వెనుక అతికించుడి.

ఇక్కడ సంఘములో మనము జాగ్రత్తపడవలసిన ఒక సంగతి కలదు. ప్రార్థన మనవులు చెప్పునప్పుడు, "మేము పది దినములు గుంటూరు పెండ్లికి వెళ్ళుచున్నాము, ఇల్లు తాళము వేసియుండును" అని వందమంది ఎదుట చెప్పుచున్నాము. "ఫలానా అమ్మగారి కొడుకు దుబాయి వెళ్ళెను, ఆమె ఒంటరిగా నున్నారు, ప్రార్థించుడి" అని ప్రకటించుచున్నాము. ప్రేమతోనే చెప్పుచున్నాము, సందేహము లేదు. కాని ఆ మాట గోడలు దాటి ఎవరి చెవిన పడునో మనకు తెలియదు. ప్రయాణపు తేదీలు పాస్టరు గారికి, ప్రక్క ఇంటివారికి, పోలీసు స్టేషనుకు చెప్పుడి. తాళము వేసిన ఇండ్లను రాత్రి గస్తీలో చూచుటకై ముందుగా తెలుపుమని చెన్నై పోలీసువారే కోరుచుందురు. మిగిలినవారికి తిరిగి వచ్చిన తరువాత స్తోత్రార్పణలో చెప్పవచ్చును.

3. పరీక్షింపక నమ్మకూడదు

రాజు వార్త విన్నాడు. అతడు వెంటనే నమ్మలేదు, వెంటనే కొట్టివేయనులేదు. ఇది సిరియనుల ఉపాయమేమో అని అనుమానించెను. అప్పుడు ఒక సేవకుడు మంచి సలహా ఇచ్చెను: మిగిలియున్న గుఱ్ఱములలో కొన్నిటిని పంపి చూతమనెను. రెండు రథములు యొర్దానువరకు వెళ్ళెను. దారిపొడవున పారవేయబడిన వస్త్రములను సామగ్రిని కన్నులార చూచి, తిరిగి వచ్చి చెప్పిరి (వ. 12–15). ఆ తరువాతనే జనులు బయలుదేరిరి.

పరీక్ష లేని వార్త ఎంత హాని చేయునో మన పట్టణము పలుమార్లు చూచినది. 2004 డిసెంబరు 26 సునామీ గడచిన నాలుగు దినములకు, డిసెంబరు 30న, మరల అలలు వచ్చునన్న తప్పు హెచ్చరికతో తీరప్రాంతములవారు తిరిగి పరుగులు తీసిరి. 2015 వరదలలో మొసళ్ళ పార్కునుండి మొసళ్ళు తప్పించుకొని వచ్చినవని పుకారు పుట్టెను; ఆ పార్కువారు అది అబద్ధమని చెప్పవలసివచ్చెను. అమెరికా నాసా వారు చెప్పిరని మహా వర్షపు జోస్యమొకటి తిరిగెను, అదియు కల్పనయే. ఇప్పుడైతే సునామీ సంగతిని చూచుటకు 2007 నుండి హైదరాబాదులో ఒక హెచ్చరిక కేంద్రము పనిచేయుచున్నది. వానల సంగతికి వాతావరణ శాఖ కలదు. వారు చెప్పినది వినుడి, "ఎవరో చెప్పిరట" అనునది వినవద్దు.

నెహెమ్యాకు వచ్చిన ఉత్తరము చూడుడి. జనములలో వదంతి కలదు, గెషెము కూడ చెప్పుచున్నాడు అని సన్బల్లటు వ్రాసెను. చూచినవాడు లేడు, సాక్ష్యము లేదు, ఒక పెద్దమనిషి పేరు మాత్రము చేర్చబడినది. నేటి దొంగవార్తలన్నియు ఈ పద్ధతినే నడచుచున్నవి. "పోలీసు కమిషనరు చెప్పిరి", "డాక్టరు గారు చెప్పిరి" అని పేరు తగిలించుదురు.

కనుక వార్త వినిన ప్రతివారు నాలుగు ప్రశ్నలు అడుగవలెను. ఒకటి, కన్నులతో చూచినదెవరు? రెండు, ఏ దినమున, ఏ వేళ? మూడు, ఏ వీధి, ఏ ఇల్లు? నాలుగు, దీనివలన నేనిప్పుడు చేయవలసినది ఏమి? మొదటి మూడింటికి జవాబు లేనియెడల అది వార్త కాదు. నాలుగవదానికి జవాబు లేనియెడల దానిని ముందుకు పంపుట వ్యర్థము.

సండే స్కూలు ఉపాధ్యాయులు ఈ సంగతిని పిల్లలకు ఒక ఆటగా నేర్పవచ్చును. పదిమందిని వరుసగా నిలువబెట్టి, మొదటివాని చెవిలో ఒక వాక్యము చెప్పి, చెవినుండి చెవికి పోనిచ్చి, పదవవానిచేత బిగ్గరగా చెప్పించుడి. పిల్లలు నవ్వుదురు. తరువాత, "ఆ మాటలో ఒక మనుష్యుని పేరు ఉండినయెడల?" అని అడుగుడి. నవ్వు ఆగిపోవును. అక్కడనుండి పాఠము ఆరంభింపవచ్చును.

4. గుమ్మము నొద్ద త్రొక్కిసలాట

ఈ అధ్యాయములో మనము త్వరగా దాటిపోవు మాట యొకటి కలదు. వార్త నిజమే. పరీక్షయు జరిగినది. అయినను ఆకలిగొన్న జనము ఒకే గుమ్మముగుండ ఒక్కసారిగా పోవగా, అక్కడ నియమింపబడిన అధికారి కాళ్ళ క్రింద నలిగి చనిపోయెను (వ. 17, 20). అది ప్రవక్త మాట నెరవేర్పు. అయితే జరిగిన విధము జన సమ్మర్దమే.

మన పట్టణములో 2005లో ఇట్లు జరిగెను. ఆ సంవత్సరపు వరదల తరువాత నవంబరు 6న వ్యాసర్పాడిలో వరద సాయము పంచుచోట త్రొక్కిసలాటలో ఆరుగురు చనిపోయిరి. డిసెంబరు 18న, తెల్లవారకముందే, ఎం.జి.ఆర్. నగర్‌లో ఒక పాఠశాల గేటు ఎదుట కూపన్లకొరకు నిలిచిన జనములో 42 మంది ప్రాణములు పోయినవి. పంపిణీకి ఇదే కడపటి దినమను పుకారు వ్యాపించియుండెను, ఇంతలో వాన కురిసెను, జనము లోపలికి త్రోసికొనిరి. ఆ నలుబదిఇద్దరు దొంగలు కారు, అత్యాశాపరులు కారు. "ఈ దినము పోతే ఇక లేదు" అను మాట విని పరుగెత్తిన పేదవారు.

కనుక సాయము పంచు వార్త చెప్పునప్పుడు వేళను, స్థలమును, మరల ఎప్పుడు ఇయ్యబడునో దానిని కూడ చెప్పవలెను. మన సంఘములు చీరలో బియ్యమో పంచునప్పుడు వీధివారీగా వేర్వేరు వేళలు పెట్టి, వృద్ధులకు ఇంటికే పంపవలెను. "త్వరగా రండి, అయిపోవును" అని ఎవరును అనకూడదు.

5. కొండెములు, రక్తాపరాధము

లేవీయకాండము 19:16లో దేవుడు రెండు సంగతులను ఒకే వచనములో కట్టిపెట్టెను. మొదటిది, జనులలో కొండెములు చెప్పుచు తిరుగకూడదు. రెండవది పొరుగువాని ప్రాణమును గూర్చినది. మన తెలుగు బైబిలులో ఇది ప్రాణహాని చేయజూడరాదను అర్థముతో నున్నది. హెబ్రీ మూలములో పొరుగువాని రక్తము మీద నిలువకూడదను భావము. పొరుగువాడు ఆపదలోనుండగా చూచుచు ఊరకుండరాదని యూదుల బోధకులు దీనిని వివరించిరి. అనగా, చెప్పకూడనిది చెప్పుట ఒక పాపము. చెప్పవలసినది చెప్పకుండుట మరియొక పాపము. ఈ రెంటి నడుమ నడచుటయే మన పాఠము.

2018 మే నెలలో తమిళనాడులో, తెలుగు రాష్ట్రములలో పిల్లలను ఎత్తుకొనిపోవువారు వచ్చిరని సెల్ ఫోనులలో మాటలు తిరిగెను. మే 9న తిరువణ్ణామలై జిల్లాలో పోలూరు సమీపమున, మన చెన్నైనుండి కుటుంబముతో గుడికి వెళ్ళిన ఒక వృద్ధురాలు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చెను. గ్రామస్థులు అనుమానించి కొట్టగా ఆమె ప్రాణము పోయెను. ఆ నెలలోనే పులికాట్‌లో ఒకరు, హైదరాబాదులో ఒకరు ఇట్లే చంపబడిరి. ఆ జూలైలో వాట్సాప్ సంస్థవారు మన దేశములో ఒక సందేశమును ఒకసారికి అయిదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసిరి. యంత్రమునకు కట్టడి పెట్టవచ్చును, నాలుకకు కట్టడి ఎవరు పెట్టుదురు? కొట్టినవారు కొందరే. ఆ మాటను ముందుకు పంపినవారు వేలమంది. వారిలో ఎవరును తాము హత్య చేసితిమని అనుకొనలేదు.

మనమును ఈ పట్టణమునకు క్రొత్తవారముగా వచ్చినవారమే. రైల్వే కార్ఖానాలకు, మిల్లులకు, హార్బరుకు, కార్పొరేషను పారిశుద్ధ్య పనులకు మన తాతలు తండ్రులు వచ్చిరి. భాష తెలియనివారిని, మాట తేడాగా నున్నవారిని జనము ఎట్లు చూతురో మన పెద్దలెరుగుదురు. ఇప్పుడు మన వీధులలోనే బీహారు, ఒడిస్సా, అస్సాము పిల్లలు కట్టడపు పనులు చేయుచు గదులలో నివసించుచున్నారు. ఎక్కడ సైకిలు పోయినను వేలు వారి వైపే పోవుచున్నది. 2023 మార్చిలో తమిళనాడులో బీహారు కూలీలను చంపుచున్నారని అబద్ధపు వీడియోలు పుట్టించగా, వారు భయపడి రైళ్ళెక్కిరి. వారు మనలను గూర్చి అబద్ధము విన్నారు. మనము వారిని గూర్చి అబద్ధము వినుచున్నాము. సంచారము చేయుచున్న పట్టణపు క్షేమమును వెదకుమని చెప్పిన దేవుడు (యిర్మీయా 29:7) ఆ క్షేమములో వారిని కూడ చేర్చియున్నాడు.

మరియొక సంగతి తల్లులతో చెప్పుచున్నాము. బస్సు దిగి వచ్చు ఆడపిల్లను ఎవడో వెంబడించెనని ఆ పిల్ల ధైర్యము చేసి ఇంటిలో చెప్పును. ఆ మాట రెండు ఇండ్లు దాటులోగా, "ఆ వేళప్పుడు ఆమెకు అక్కడ ఏమి పని?" అని మారిపోవును. దానివలన వెంబడించినవానికి నష్టము లేదు. అయితే అది చూచిన మరియొక పిల్ల ఇక ఎన్నడును నోరు తెరువదు. మనము ఆడిన కొండెము ఆమె నోటికి తాళము, ఆ దుర్మార్గునికి తెరచిన తలుపు. పిల్ల చెప్పినప్పుడు నమ్ముడి. వీధి పేరు, వేళ తెలిసికొని తగినవారికి తెలుపుడి. పిల్ల పేరు మాత్రము ఎవరికిని చెప్పకుడి.

6. సంఘములలో చేయదగిన పనులు

అ) ప్రతి వీధికి ఇద్దరిని, ఒక పురుషుని, ఒక స్త్రీని, కాపుదల పనికి ఏర్పరచుడి. ఒంటరి వృద్ధులు, రోగులు, గర్భిణులు ఎవరెవరో వారికి తెలిసియుండవలెను. ఆ పట్టిక డీకన్ల యొద్దనే యుండవలెను, గోడమీద కాదు.

ఆ) అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవన కాలము. ఆధారు, రేషను కార్డు, ఇంటి పత్రములు ప్లాస్టిక్ సంచిలో కట్టి ఎత్తున పెట్టుడి. నీరు ఇంటిలోనికి రాకముందే మెయిన్ స్విచ్ ఆపుడి. వీధిలోని కరెంటు పెట్టెల దగ్గర నీటిలో నడువకుడి. మేడమీదివారు క్రిందివారిని పిలువవలెను, పిలుపు కొరకు వారు కనిపెట్టుకొనియుండకూడదు.

ఇ) 2025 మార్చి 25 ఉదయము దక్షిణ చెన్నైలో ఒక గంటలోపలనే పలుచోట్ల నడకకు వెళ్ళిన స్త్రీల మెడలోని గొలుసులు తెంచుకొనిపోయిరి. అక్కలారా, తెల్లవారుజామున ప్రార్థనకు వచ్చునప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి రండి. వాహనములు ఎదురుగా కనబడునట్లు నడువుడి. తెంచుకొనుచున్నప్పుడు పెనుగులాడవద్దు. బంగారము మరల చేయించుకొనవచ్చును.

ఈ) పోలీసులమని, సీబీఐ వారమని వీడియో ఫోనులో "మిమ్మును డిజిటల్ అరెస్టు చేసితిమి" అని భయపెట్టువారు మోసగాండ్రు. మన చట్టములో అట్టి అరెస్టు లేదు. ఫోను పెట్టివేసి ఇంటివారికి చెప్పుడి. డబ్బు పోయినయెడల సిగ్గుపడక వెంటనే 1930కి చెప్పుడి. ఆలస్యమైనకొలది తిరిగి వచ్చు ఆశ తగ్గును. మోసపోయినవారిని సంఘములో ఎవరును పరిహసింపకూడదు.

ఉ) మీరు పంపిన వార్త అబద్ధమని తేలినయెడల, ఎంతమందికి పంపితిరో అంతమందికి అది తప్పని తెలుపుడి. రథములు తిరిగి వచ్చి చెప్పెను గదా!

ధ్యాన ప్రశ్నలు

1. కుష్ఠరోగులు తెల్లవారువరకు ఆగియుండినయెడల షోమ్రోనులో ఎవరెవరికి నష్టము కలిగియుండును?
2. రాజు సేవకుని సలహాను నేడు మన ఇంటిలో ఎట్లు అనుసరింపవచ్చును?
3. పౌలు మేనల్లుని చరిత్రలో రహస్యము ఎందుకు అవసరమాయెను? సంఘములో రహస్యముగా ఉంచవలసినవి ఏవి?
4. గత నెలలో మీరు ఇతరులకు చెప్పిన ఒక వార్తను తలచుకొనుడి. నాలుగు ప్రశ్నలలో ఎన్నిటికి జవాబు కలదు?
5. మీ వీధిలోని ఇతర రాష్ట్రపు పనివారిలో ఒకరి పేరైనను మీకు తెలియునా? ఈ వారము తెలిసికొని వచ్చి కూటములో చెప్పుడి.

కంఠస్థ వాక్యము: లేవీయకాండము 19:16. ఇంటనున్న పిన్నపెద్దలందరు నేర్చుకొనవలెను.

ప్రార్థనాంశములు: మన పట్టణపు పోలీసు, అగ్నిమాపక, పారిశుద్ధ్య పనివారి కొరకు, రాత్రి పనులకు వెళ్ళు బిడ్డల కొరకు, వదంతుల వలన తమవారిని కోల్పోయిన కుటుంబముల కొరకు, మన నాలుకలు పొరుగువానికి కాపుదలగా నుండునట్లు.

నలుగురు కుష్ఠరోగులు కరవులోనున్న పట్టణమునకు మేలు వార్త తెచ్చిరి. మన వీధిలో కూడ తెలుగు క్రైస్తవుని ఇంటినుండి వచ్చిన మాట నిజమైన మాట అని అన్యులు సైతము చెప్పుకొనునట్లు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.